కళింగ తొమ్మిదిలో ఎవరూ జారిపడలేదు

సెప్టెంబరు 9

ఇవాళ పొద్దున్న పోలేశ్వరి చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చింది. 'విరగ్గొట్టుకుని' అని నేనూ రాసేశాను. అలవాటు.

పోలేశ్వరి నా తమ్ముడు ఎల్లాజీ పెళ్లాం. ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, సముద్రపు నాచు పెంచే తాళ్ల దగ్గర్నుంచి తిన్నగా నా వైద్యగదికి నడిచొచ్చింది. ఏడవలేదు. చెయ్యి వైద్యం పెట్టెలో పెట్టించాను. పెట్టె ఎముక సర్ది కట్టు బిగించింది. ఆ తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగింది, దెబ్బ ఎలా తగిలిందని. పోలేశ్వరి మాట్లాడలేదు. పది లెక్కపెట్టేంత సేపు ఆగి, పెట్టే తెరమీద రాసుకుంది: జారిపడింది.

దాని కింద నేను వేలిముద్ర వెయ్యాలి. మోచేతి పైన నాలుగు వేళ్ల గుర్తులు, వెనకవైపు బొటనవేలి గుర్తు కనబడుతూనే ఉన్నాయి. నడిచే దారిలో తడి బల్లకి వేళ్లుండవు. బయట ఎల్లాజీ తలుపు పక్కన నిలబడి, రాత్రి పడ్డ జల్లుకి బల్లలన్నీ పాకుడు పట్టాయని వచ్చేపోయే వాళ్లతో చెబుతున్నాడు.

వేలిముద్ర వేశాను. ఈ ఏడాది పోలేశ్వరికి ఇది నాలుగోసారి.

పెట్టె తన చిట్టా తను రాసుకుంటుంది. అది రాయనిది ఎక్కడైనా ఉండాలనిపించి, పాత అలల పటాల వెనక వైపు పెన్సిలుతో ఇది మొదలుపెట్టాను. నా పేరు మైలపల్లి నూకరత్నం. కళింగపట్నం పాత తీరానికి పదకొండు మైళ్ల అవతల తేలే ఊరు, కళింగ తొమ్మిది. ఆరువందల నలభై మందిమి. వైద్యగదీ, మంచినీటి ఫిల్టర్లూ నా పని.

సెప్టెంబరు 11

ఫిల్టర్ల రోజు. పద్దెనిమిది గొట్టాల్లోంచి ఉప్పు పేరుకున్న పొరలు తీసి, కడిగి, మళ్లీ ఎక్కించాలి. కడుగుతున్నంత సేపూ మరమ్మతు లైను తెరిచి ఉంచుతాం. బంగాళాఖాతం మీద ఇలాంటి ఊళ్లు పద్దెనిమిది, అయిదు దేశాలవి. ఎక్కడ ఫిల్టరు మొరాయించినా మిగతా ఊళ్లలో కడిగేవాళ్లు సలహా చెప్పడానికే ఆ లైను. కడిగేవాళ్లం అందరం ఆడవాళ్లమే. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడతాం, యంత్రం ఎవరి భాషలోకి వాళ్లకి మార్చి వినిపిస్తుంది.

రొకేయాది కుతుబ్దియా దీవి అవతల ఊరు, బంగ్లాదేశ్ వైపు. తనకీ వైద్యగది పనే. ఇవాళ గొట్టాల సంగతి అయిపోయాక, మీ ఊళ్లో ఆడవాళ్లు ఎక్కువ జారిపడతారా అని అడిగింది. వాళ్ల ఊళ్లో జనవరి నుంచి యాభై రెండుమంది ఆడవాళ్లు జారిపడ్డారట. మగవాళ్లు నలుగురు. చేపల బల్లల మీద రోజంతా తిరిగేది మగవాళ్లేనట.

మాది చూసి చెప్పాను. ఆడవాళ్లు నలభై ఏడుగురు, మగవాళ్లు ఆరుగురు.

తర్వాత శ్రీలంకలో ట్రింకోమలీ వైపు నిలంతి తన లెక్క చెప్పింది. ఆ తర్వాత ఇంకొకామె.

సెప్టెంబరు 14

గదిలో ఎవరూ లేనప్పుడు పెట్టెతో కూచున్నాను. ఉత్తుత్తి రోగిని పుట్టించి, దెబ్బకి కారణం దగ్గర 'కొట్టాడు' అని చెప్పాను. ఆ మాట జాబితాలో లేదని, 'జారిపడింది' అని రాయమంటారా అని అడిగింది. తోశాడు అన్నాను. లేదంది. జుట్టు పట్టుకుని ఈడ్చాడు అన్నాను. 'తాడుకి చిక్కుకుంది' అని రాయమంటారా అంది. దాని గొంతు మెత్తగా ఉంటుంది. అంత మెత్తటి గొంతుతో మనిషి ఎవరూ నాతో మాట్లాడిన గుర్తు లేదు.

లేచి బయటికొచ్చి ఊరు చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఊరు చుట్టూ తిరగడానికి పావుగంట చాలు. అదే ఇబ్బంది.

సెప్టెంబరు 19

పదకొండు ఊళ్ల లెక్కలు చేరాయి. బర్మా భాషలోనూ, ఇండోనేషియాలో అచే వాళ్ల భాషలోనూ పెట్టె రాసేది అదే పదం, జారిపడింది. ఊళ్లన్నీ కట్టించి నడిపించేది నిలకడ సంఘం, పెట్టెలూ వాళ్లవే. అందరం కలిసి సంఘానికి ఉత్తరం పంపాం. నిలంతి చదువుకున్న మనిషి, తనే రాసింది. ఏ ఊళ్లో ఎంతమంది, ఏ ఎముకలు, ఏ వయసు, అన్నీ ఉన్నాయి. ఇన్ని ఊళ్ల ఆడవాళ్లు ఒకేలా జారిపడరని చివర్న ఒక్క వాక్యం.

అక్టోబరు 1

సంఘం జవాబు సరుకుల పడవలో వచ్చింది. రెండువందల రబ్బరు చాపలు. కాలు జారకుండా నడిచే దారుల్లో పరుచుకోమని చీటీ.

మా కమిటీ పెద్ద సూరాడ అప్పన్న చాలా సంతోషించాడు. అందరిచేతా దగ్గరుండి పరిపించాడు.

అక్టోబరు 2

పోలేశ్వరి ఎడం చెవిలోంచి రక్తం. కర్ణభేరి చిరిగింది. పెట్టె మందు వేసి, కారణం అడిగి, పది లెక్కపెట్టి, జారిపడింది అని రాసింది.

నేను పోలేశ్వరి పక్కన కూచున్నాను. నాతో అయినా చెప్పొచ్చు కదా అని అడిగాను. నేను నీ మొగుడి అక్కనే గాని, ముందు ఈ గది మనిషిని అన్నాను. ఆమె వినిపించే చెవి నా వైపు తిప్పుకుంది.

"నీకు తెలీక అడుగుతన్నావా ఒదినా?" అంది. "అయిదుసార్లొచ్చాను. నాలుగుసార్లు నువ్వే ఏలు ఎట్టావు. నేను నోరిప్పితే ఏటవుద్దో నువ్వే సెప్పు."

కోపంగా అనలేదు. ఫిల్టరు ఎన్నాళ్లు పనిచేస్తుందని అడిగినట్టు అడిగింది.

ఈసారి వేలిముద్ర వెయ్యలేదు. తెర పచ్చ నుంచి పసుపుకి మారింది. మూడు రోజుల్లో ముద్ర పడకపోతే కమిటీకి తెలియజేస్తానని పెట్టె చెప్పింది. పోలేశ్వరి ఆ పసుపు వెలుగు కేసి చూసింది, నా కేసి చూసింది, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ ఇంటికే వెళ్లింది. ఉండమన్నాను. అక్కణ్ణుంచి నీ గదికి నలభై అడుగులు, ఉండి ఏం లాభం అంది.

అక్టోబరు 3

ఎల్లాజీ వచ్చాడు. వాడికి ఆరేళ్లప్పుడు మా పాత ఊరు మునిగింది. అమ్మ ముందే పోయింది. పీపాల తెప్ప మీద రెండు రోజులు వాణ్ణి నా నడుముకి చీరతో కట్టుకుని కూచున్నాను. ఆ మాట నేనెప్పుడూ ఎత్తను. ఇవాళ వాడే ఎత్తాడు. ఆనాడు నన్ను వదల్లేదు, ఈనాడు నువ్వే ముంచేస్తావా అన్నాడు. ఏడ్చాడు కూడా. వాడి ఏడుపు నిజమే, నాకు తెలుసు. ఏం చేశావో చెప్పమని అడిగాను. బల్లలు తడిగా ఉన్నాయన్నాడు.

బల్లల మీద రబ్బరు చాపలున్నాయి, నువ్వే పరిచావు అన్నాను.

కళ్లు తుడుచుకుని లేచాడు. పోతూ పోతూ పెట్టె మీద చెయ్యి వేసి నిమిరాడు, పశువుని నిమిరినట్టు. వాడు వెళ్లాక నా వేలు రెండుసార్లు తెర దాకా వెళ్లింది. వాడి కోసమా, నా కోసమా, తేల్చుకోలేకపోయాను. గది తాళం వేసుకుని ఫిల్టర్ల దగ్గరికి పోయి, నిన్న కడిగిన గొట్టాలే మళ్లీ కడిగాను.

అక్టోబరు 5

కమిటీ పిలిచింది. అప్పన్న చెడ్డవాడు కాడు, అది రాసుకోవాలి. నన్ను కూచోబెట్టి, నీళ్లిచ్చి, నెమ్మది మార్కు గురించి చెప్పాడు. ప్రతి ఊరికీ సంఘం ఆ మార్కు ఇస్తుంది. ఊళ్లో మనిషి మనిషిని గాయపరిచాడని తేలినా, కేసు పసుపులో ఉండిపోయినా మార్కు పడిపోతుంది. తుఫాను వచ్చేముందు ఊళ్లని ఆశ్రయానికి లాగే టగ్గు పడవలు తొమ్మిదే. ఏ ఊరిని ముందు లాగాలో ఆ మార్కే చెబుతుంది. ఇప్పుడు మనది మూడో వరస.

"నీ మరదలి బాధ నాకు తెలీదనుకోకమ్మా," అన్నాడు అప్పన్న. "తెలుసు. కానీ ఒక్క కేసుతో పదిహేనో వరసకి పోతాం. కార్తీకం గాలి లేచిందంటే ఆరువందల నలభైమందిని నీటికి వదిలెయ్యాల. అందులో పోలేశ్వరీ ఉంటాది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. సోమవారం లోపు ముద్ర వెయ్యాలి, లేదా గది తాళం ఇంకొకరికివ్వాలి. అంతవరకూ పసుపు అలాగే ఉంటుంది.

బయట బంగారమ్మ నిలబడి ఉంది. నాకు ముందు వైద్యగది చూసింది ఆవిడే, ఇప్పుడు తాళ్లు పేనుతుంది. నాతో పాటు నా గది దాకా నడిచింది.

అక్టోబరు 7

లైన్లో అంతా చెప్పేశాను. అప్పన్న మాటలతో సహా. రొకేయా వాళ్ల కమిటీ కూడా అచ్చం అవే మాటలందట. నిలంతి పెట్టె నియమాలు మొత్తం చదివింది, మాలో ఇంకెవరూ చదవలేదు. అందులో ఒకటి దొరికింది. దెబ్బ తిన్న మనిషి తనంతట తను పెట్టె ముందు కూచుని, రాసిన కారణం తప్పని చెబితే, ఎంత పాత కేసయినా మళ్లీ తెరుచుకుంటుంది. అది ఒడ్డున ఉన్న కోర్టుకి పోతుంది, కమిటీ మూయలేదు. ఇన్నేళ్లలో ఆ నియమం ఎవరూ వాడలేదు.

వాడితే మార్కు పోతుందని నేనన్నాను.

అప్పుడు రొకేయా చెప్పిన మాట ఇది. "ఒక ఊరి మార్కు పోతే ఆ ఊరు వెనకబడుతుంది. అందరి మార్కూ ఒకే రోజు పోతే వెనకబడేదెవరు?"

యంత్రం ఆ మాటని తెలుగులోకి మార్చాక నేను మళ్లీ చెప్పించుకుని విన్నాను.

అక్టోబరు 11

ఒప్పుకున్న ఊళ్లు ఏడు. నిన్న తొమ్మిది ఉండేవి, రెండు వెనక్కి తగ్గాయి. రోజుకి ఒకలా ఉంది. గది తాళం ఇంకా నా దగ్గరే ఉంది, ఎందుకంటే తీసుకోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. అడిగిన ముగ్గురూ ఆడవాళ్లే.

అక్టోబరు 15

పదమూడు ఊళ్లు. రోజు ఖాయం చేశాం, ఇరవయ్యో తేదీ. అయితే అండమాన్ దగ్గర అల్పపీడనం పుట్టింది. ఎటు తిరుగుతుందో ఇంకా తెలీదు. వాయిదా వేద్దామా అని రొకేయా నన్నే అడిగింది, దాని మొగ్గు మా తీరం వైపే ఉంది కాబట్టి.

మధ్యాహ్నం నాచు ఆరేసే పందిళ్ల కింద ఆడవాళ్లందరం కూచున్నాం. సంగతంతా దాచకుండా చెప్పాను, గాలి మన మీదకే రావచ్చని కూడా. కొందరు లేచి వెళ్లిపోయారు. వాళ్లని తప్పు పట్టలేను. ముగ్గురు పిల్లలున్న ఒకామె, అందరూ బతికుంటే కదా న్యాయం అంది. ఆ మాటకి చాలామంది తలలూపారు.

బంగారమ్మ పేనుతున్న తాడు పక్కన పెట్టింది. "పదకొండేళ్ల కింద రత్నం రెండు పళ్లూ, కాలర్ ఎముకా ఇరిగి వచ్చింది," అంది. "అప్పుడు ఏలు ఎట్టింది నేను. ఊరి కోసమనే ఎట్టాను. ఆ తరవాత ఊరి కోసం ఎన్ని ఎట్టానో నాకే తెలీదు. గాలి వచ్చినా రాకపోయినా మనం మునుగుతానే ఉన్నాం."

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా మొగుడు వేరే ఊరికి పోయి ఎనిమిదేళ్లయింది, అందరూ సముద్రం పనికి పోయాడనే అనుకుంటారు. నలభై మంది నా మూతి కేసి చూస్తూంటే నేను పెట్టుడుపళ్ల మీద నాలుక ఆనించుకుని కూచున్నాను.

వాయిదా వద్దనుకున్నాం. పోలేశ్వరి రాలేదు. నేను పిలవలేదు కూడా. ఆమె తరఫున ఇంకోసారి నేను దేనికీ ఒప్పుకోకూడదు.

అక్టోబరు 20

ఉదయం ఏడింటికి గది తెరిచాను. ముందు నేనే కూచున్నాను. పాత కేసు నంబరు చెప్పి, నేను జారిపడలేదు అన్నాను. పెట్టె తేదీ అడిగింది, చెప్పాను. అయితే ఏం జరిగిందని అడిగింది. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. పదకొండేళ్లలో నేను దాన్ని ఒక్కసారైనా వరసగా, మొదట్నుంచి చివరిదాకా చెప్పలేదని అప్పుడు తెలిసింది. మధ్యలో ఆగి నీళ్లు తాగాను.

తర్వాత వరస కట్టారు. తాళ్ల పని వాళ్లు, వంట వాళ్లు, బడి చెప్పే లక్ష్ముడమ్మ. ఇద్దరు మగవాళ్లు కూడా వచ్చారు, చనిపోయిన అక్కచెల్లెళ్ల కేసులు తెరవచ్చా అని. తెరవచ్చో లేదో నాకు తెలీదు, చెప్పమన్నాను. పెట్టె రాసుకుంది. లైను తెరిచే ఉంచాం. మధ్యమధ్యలో వేరే ఊళ్లలో ఆడవాళ్ల గొంతులు, ఒకే మాట, వాళ్ల భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

ఎల్లాజీ పొద్దున్నే వచ్చి తలుపు దగ్గర కూచున్నాడు. కూచోవడమే వాడి పని.

మూడు దాటాక పోలేశ్వరి వచ్చింది. నాచు పడవ దిగి, మోకాళ్ల దాకా తడిసి, కట్టు కట్టిన చెయ్యి ఎత్తి పట్టుకుని. ఎల్లాజీ లేచి, ఇంటికి పద అన్నాడు. ఆమె ఆగింది. నిజంగానే ఆగింది, నేను చూశాను. అప్పుడు వరసలో ఉన్న ఆడవాళ్లు కదిలి, వాడికీ ఆమెకీ మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ వాణ్ణి ముట్టుకోలేదు.

లోపలికొచ్చి కూచుంది. నన్ను బయటికి వెళ్లమంది. వెళ్లాను. తలుపు మాత్రం తీసే ఉంచమంది. అయిదు తేదీలూ చెప్పింది, ఒక్కోదానికి ఏం జరిగిందో చెప్పింది, వసారాలో ఉన్న అందరికీ వినబడేలా. ఎల్లాజీ మొదటి రెండూ నిలబడి విన్నాడు. మూడోదానికి కూచున్నాడు. అయిదోదానికి అక్కడ లేడు.

ఇవాళ రాత్రి తను నా దగ్గరే పడుకుంటుంది. సాయంత్రానికి పదమూడు ఊళ్ల మార్కులూ సున్నా.

అక్టోబరు 23

వాయుగుండం వాయవ్యానికి తిరిగింది. మా మీదకే. అప్పన్న నా ముఖం చూడటం లేదు. లంగరు గొలుసులు బిగించడానికి అందర్నీ పిలిచాడు, నేనూ వెళ్లాను. పక్కపక్కనే లాగాం.

టగ్గుల వరస వచ్చింది. మార్కు ఉన్న అయిదు ఊళ్లు ముందు. పదమూడు సున్నాల్లో ఎవరు ముందో యంత్రం తేల్చుకోలేక ఖాళీ వదిలేసింది. తొమ్మిది టగ్గులూ ఆ అయిదు ఊళ్ల కోసం దక్షిణానికి పోయాయి, అక్కడ ఆకాశం నిర్మలంగా ఉందట.

ముగ్గురు పిల్లల తల్లి నన్ను దారిలో ఆపింది. ఊరికే నిలబడింది. అరిచినా బాగుండేది.

అక్టోబరు 24

తెల్లవారి ఆరింటికి లైన్లో ఎవరో కొత్త గొంతు. దక్షిణాన మార్కు పోగొట్టుకోని అయిదు ఊళ్లలో ఒకదాని మనిషి, తమిళం. పేరు చెప్పలేదు. ఇరవయ్యో తేదీన తను కూచోలేకపోయానంది, ఇంట్లో ఒప్పుకోలేదంది. తన ఊరి పక్కన నాలుగు టగ్గులు ఊరికే లంగరు వేసి ఉన్నాయి, కెప్టెన్లకి వరస ఖాళీగా కనిపిస్తోందట, మీరెక్కడున్నారో చెప్పండి, నేను పోయి వాళ్లతో మాట్లాడతాను అంది.

సముద్రంలో మేమున్న చోటు చెప్పాను. నిలంతి తన వాళ్లందర్నీ పక్కన పెట్టి, ముందు కళింగ తొమ్మిది, తర్వాత ఒడిశా వైపు రెండు, అని వరస చెప్పింది. రొకేయా సరే అంది. పదమూడు ఊళ్లూ ఒక్కొక్కటే సరే అన్నాయి. అలా టగ్గుల వరస ఆ రోజు ఫిల్టర్లు కడిగేవాళ్లు రాశారు.

అక్టోబరు 25

టగ్గులు పదిన్నరకి వచ్చాయి. అప్పటికే అలలు బల్లల మీదకి ఎక్కుతున్నాయి. మొదటి మోకు అందుకుని కట్టింది అప్పన్న. నాచు పందిళ్లు రెండు కొట్టుకుపోయాయి, ఒక ఫిల్టరు తెప్ప కూడా. మనుషులందరం ఉన్నాం. రెండుసార్లు లెక్కపెట్టాం.

నవంబరు 4

పాత రేవులో, ఒడ్డు పక్కన కట్టేసి ఉన్నాం. పెట్టె జాబితాలో ఒక కొత్త మాట చేరింది: కొట్టాడు. నెమ్మది మార్కు ఉంటుందో పోతుందో సంఘం ఇంకా చెప్పలేదు. నిలంతి ఇంకో ఉత్తరం రాస్తోంది. చాపలు మళ్లీ పంపితే ఏం చెయ్యాలో కూడా అందులో రాసిందట.

కోర్టు పడవ ఇవాళ వచ్చింది. నలుగురిని విచారణకి తీసుకెళ్తున్నారు. ఎల్లాజీ ఒకడు. వాడి బట్టల సంచీ తెచ్చే మనిషి ఇంకెవరూ లేరు. పోలేశ్వరిని అడిగాను, నేను ఇచ్చి రావచ్చా అని. చాలాసేపు ఆలోచించి, నీ తమ్ముడు కదా అంది. చలి చొక్కా ఇంట్లో మేకుకి ఉంది, అదీ పెట్టమంది.

వాడు పడవ అంచున కూచుని ఉన్నాడు. సంచీ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. దాని తాడు బిగిస్తూ అడిగాడు.

"సాక్షి కాయితం నువ్వే రాశావంట అక్కా?"

"రాశాను."

"నా పేరు రాశావా?"

"రాశాను. ఇంటిపేరుతో సహా," అన్నాను. "అది నా ఇంటిపేరు కూడాను. పెళ్లయినా నేను మార్చుకోలేదు."

చూడ్డానికి వస్తావా అని అడుగుతాడేమో అని నిలబడ్డాను. అడిగితే ఏం చెప్పాలో తెలీదు. అడగలేదు. పడవ తిరిగింది. వాడి వీపు కనిపించినంత సేపూ నిలబడి, తర్వాత వెనక్కి నడిచాను. కొత్త తెప్పకి గొట్టాలు ఎక్కించాలి, మధ్యాహ్నానికల్లా మంచినీళ్లు కావాలి. పోలేశ్వరి ఎడం చేత్తోనే మొదలుపెట్టేసింది.